రంగు కాదు... గుట్టు చూసే కెమెరా!

బియ్యం కొట్లో అడుగు పెట్టగానే ఎదురయ్యే ప్రశ్న ‘సార్టెక్సా, మామూలా?’ అని. వంటింట్లో చేట మూలన పడి చాలా కాలమైంది. వెలుతురు పడే గుమ్మం దగ్గర కూర్చుని మట్టిబెడ్డలూ వడ్లగింజలూ ఏరే పని ఇప్పుడు చాలా ఇళ్లలో లేదు. దాన్ని మిల్లులోనే యంత్రం చేసేస్తోంది. చాలామంది లెక్కలో సార్టెక్స్ అంటే ఒక రకం బియ్యం. నిజానికది కంపెనీ పేరు. 1947లో లండన్‌లో పుట్టింది, 1993లో స్విట్జర్లాండ్‌కు చెందిన బ్యూలర్ చేతికి వెళ్లింది. వనస్పతి అంతా డాల్డా అయినట్టే, రంగు చూసి గింజలు ఏరే ప్రతి యంత్రమూ మనకు సార్టెక్స్ అయి కూర్చుంది.

అది పనిచేసే తీరు చెప్పుకోవడానికి తేలికే. గింజలు ఏటవాలు పళ్లెం మీంచి వరసలుగా జారి పడుతుంటాయి. ఎదురుగా కెమెరాలు. పడుతున్న గింజ నల్లగానో పసుపుగానో కనిపిస్తే చాలు, ఆ వరసకు గురిపెట్టిన సన్నటి గొట్టంలోంచి గాలి ‘ఫట్’మని కొడుతుంది. గింజ ఎగిరి పక్క డబ్బాలో పడుతుంది. కన్ను మూసి తెరిచేలోపే అంతా అయిపోతుంది.

అయితే దానికి తెలిసిందల్లా రంగే. బియ్యంలో తెల్ల ప్లాస్టిక్ ముక్క, పల్లీల్లో పల్లీ రంగు మట్టిబెడ్డ పడ్డాయనుకోండి... యంత్రం తెల్లమొహం వేస్తుంది. ఉప్పూ కర్పూరమూ చూపుకి ఒక్కటేనని తెలుగు పిల్లలకు బళ్లోనే చెప్తారు. తేడా తేలాలంటే నాలిక మీద వేసుకోవాల్సిందే. మరి ఫ్యాక్టరీ బెల్టు మీద సెకనుకు రెండు మూడు మీటర్ల చొప్పున పరుగెత్తే సరకును రుచి చూసేదెవరు?

హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా చేసేది దాదాపు అదే. ముట్టుకోకుండా, వెలుతురుతోనే వస్తువు రుచి చూస్తుంది. కొత్త రకాలైతే ఇంకో అడుగు ముందుకేసి, తాము చూసింది ఏమిటో ఎవర్నీ అడక్కుండా అక్కడికక్కడే తేల్చేస్తున్నాయి.

మూడు అంకెలు చాలవు

కొత్త చీరకి జాకెట్టు ముక్క కోసం మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లినవాళ్లకు ఒక అనుభవం ఉండే ఉంటుంది. ట్యూబ్‌లైటు కింద అచ్చంగా సరిపోయిన ముక్క, బయటికొచ్చి ఎండలో చూస్తే తేడాగా ఉంటుంది. కొట్టువాడు మోసం చేశాడని తిట్టుకుంటాం. పాపం, అతని తప్పేం లేదు. మన కంట్లో రంగును పసిగట్టే కణాలు మూడు రకాలే. కంటిలోకొచ్చే వెలుగునంతా అవి మూడు అంకెలకి కుదించేస్తాయి. రెండు వేర్వేరు అద్దకాలు ఒక దీపం కింద అవే మూడు అంకెలు ఇచ్చాయంటే, కంటికి రెండూ ఒకటే. దీపం మారితే గుట్టు రట్టవుతుంది. మామూలు డిజిటల్ కెమెరాదీ ఇదే కథ. ఎరుపు, ఆకుపచ్చ, నీలం... అంతే.

హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా ఈ కుదింపుకి ఒప్పుకోదు. ప్రతి చుక్క నుంచి వచ్చే వెలుగునీ సన్నసన్నటి పట్టీలుగా చీలుస్తుంది. పరిశ్రమల్లో వాడే వాటిల్లో 200కు పైగా పట్టీలున్నవి మామూలే. పైగా అది మన చూపు హద్దు దగ్గర ఆగదు. ఎరుపు దాటాక మన కన్ను గుడ్డిది. అక్కడా వెలుగు ఉందని 1800లో విలియం హెర్షెల్ ఉత్త థర్మామీటర్లు పెట్టి కనిపెట్టాడు. ఆ పరారుణ వెలుగులో, 900 నుంచి 1700 నానోమీటర్ల మధ్య, పదార్థాల అసలు రంగు బయటపడుతుంది.

కారణం అణువుల్లో ఉంది. కార్బన్‌కీ హైడ్రోజన్‌కీ మధ్య, ఆక్సిజన్‌కీ హైడ్రోజన్‌కీ మధ్య ఉండే బంధాలు స్ప్రింగుకు కట్టిన గుండ్లలా ఎప్పుడూ ఊగుతూనే ఉంటాయి. ఒక్కో బంధమూ తన ఊపుకి సరిపడే వెలుగునే మింగుతుంది. నీరు 1450 నానోమీటర్ల దగ్గర గట్టిగా మింగుతుంది. నూనెలూ కొవ్వులూ 1200 చుట్టుపక్కల. మంచినీళ్ల బాటిళ్లు చేసే పెట్ ప్లాస్టిక్ 1660 దగ్గర. మింగిన చోటల్లా, తిరిగొచ్చే వెలుగులో ఒక గుంట పడుతుంది. ఏ గుంట ఎక్కడుంది, ఎంత లోతుంది అని గీత గీసుకుంటూ పోతే ప్రతి పదార్థానికీ దానిదంటూ ఒక వంపుల గీత వస్తుంది. అదే దాని వేలిముద్ర.

వెలుగును విడగొట్టి పదార్థం పేరు చెప్పే ఈ విద్యకూ మన గుంటూరుకీ పాత చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడ్డానికి ఫ్రాన్స్ నుంచి జూల్స్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో మకాం పెట్టాడు. అదే అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తిలో. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల వెలుగును పట్టకాలతో విడగొట్టి చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. వాటిల్లో ఒక పసుపు గీత భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని తర్వాత ఇంగ్లండులో నార్మన్ లాకియర్ తేల్చాడు. సూర్యుడి గ్రీకు పేరు మీద దానికి హీలియం అని పేరు పెట్టారు. ఆ వాయువు భూమ్మీద దొరికింది 1895లో! అంటే చేతికి చిక్కడానికి పాతికేళ్ల ముందే వెలుగులో చిక్కిందన్నమాట.

విమానం దిగి బెల్టు మీదికి

జాన్సెన్ చూసింది సూర్యుడి అంచున ఒక చోటు నుంచి వచ్చే వెలుగుని. ఫొటోలోని ప్రతి చుక్కకూ అలాంటి వేలిముద్ర ఒకటి కావాలంటే మరో శతాబ్దం పట్టింది. 1980లలో అమెరికాలో, నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ దీన్ని సాధించింది. 1987 నుంచి ఎవిరిస్ అనే పరికరాన్ని 20 కిలోమీటర్ల ఎత్తున ఎగిరే విమానంలో పెట్టి, 224 పట్టీల్లో నేలను ఫొటోలు తీశారు. కొండమీది రాళ్లలో ఏ ఖనిజం ఉందో విమానంలోంచే చెప్పొచ్చని తేలింది. 2008లో శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-1లోనూ నాసా ఇచ్చిన ఇలాంటి కెమెరా ఉంది. చంద్రుడి నేల మీద నీటి జాడ ఉందని 2009 సెప్టెంబరులో ప్రకటించడానికి ఆధారం అదే. ఇస్రో సొంతంగా హైసిస్ అనే ఉపగ్రహాన్ని 2018 నవంబరు 29న పంపింది.

అయితే ఈ పనులన్నింటిలో ఒక సౌకర్యం ఉంది. తీరుబడి! ఉపగ్రహం డేటా పంపుతుంది, శాస్త్రవేత్తలు వారాలూ నెలలూ కూర్చుని విప్పుకుంటారు. కొండ ఎక్కడికీ పోదు. చంద్రుడూ పోడు. ఫ్యాక్టరీ బెల్టు మీది పల్లీ మాత్రం పోతుంది.

ఇక్కడ కాస్త లెక్క వేసి చూడాలి. బెల్టుకు అడ్డంగా 640 చుక్కల వరస చూసే కెమెరా అనుకుందాం. అది ఒక్కసారి ఒక్క గీతనే చూస్తుంది. సరకే దాని కిందుగా కదిలిపోతుంది కాబట్టి, గీత పక్కన గీత పేరిస్తే ఫొటో తయారవుతుంది. జిరాక్సు యంత్రంలో అద్దం కింద దీపం కదిలినట్టు... కాకపోతే ఇక్కడ కదిలేది కాగితం. ఒక్కో చుక్కకూ 224 అంకెలు. అంటే గీతకు 1,43,360. సెకనుకు 500 గీతలు తీస్తే 7 కోట్ల 16 లక్షల 80 వేల అంకెలు. ఒక్కో అంకెకూ 2 బైట్లు వేసుకుంటే సెకనుకు 14 కోట్లకు పైగా బైట్లు. పాత సీడీలు గుర్తున్నాయా? ఆ లెక్కన ఒక సీడీ 5 సెకన్లలో నిండిపోతుంది. షిఫ్టు 8 గంటలు!

ఈ వరదనంతా తీగ వెంట కంప్యూటర్‌కు పంపి, అది ఆలోచించి, గాలి గొట్టానికి కబురు పెట్టేలోగా ఏమవుతుంది? బెల్టు సెకనుకు 3 మీటర్ల వేగంతో పోతోందనుకోండి. కెమెరా చూసే చోటుకూ గాలి గొట్టాలకూ మధ్య 60 సెంటీమీటర్ల దూరం ఉందనుకోండి. చేతిలో ఉన్నది సెకనులో అయిదో వంతు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. ఆఫీసు కంప్యూటర్ ఒకసారి చకచకా పనిచేస్తుంది, ఇంకోసారి ఏదో అప్‌డేటు అంటూ ముక్కుతుంది. అరసెకను నీలిగిందంటే మీటరున్నర సరకు చూడకుండానే దాటిపోతుంది. గాలి వందో వంతు సెకను ఆలస్యంగా కొట్టినా 3 సెంటీమీటర్లు తేడా. చెడ్డ గింజ నిక్షేపంగా వెళ్లిపోతుంది, దాని వెనకాల వస్తున్న మంచి గింజకు దెబ్బ తగులుతుంది.

అందుకే తీర్పు చెప్పే పనిని కెమెరా డబ్బాలోకే ఎక్కించారు. లోపల ఒక చిప్ ఉంటుంది. దాన్ని మన ఇంటి కంప్యూటర్‌లా పది పనులు చేయనివ్వరు. ఒక్క పనికే తీగలు కలిపినట్టుగా అమరుస్తారు. ఏ గీతకైనా అది తీసుకునే వ్యవధి ఒకటే. కొలిమి ముందు కూర్చున్న కమ్మరి దెబ్బలా, తాళం తప్పదు. ఒక్కో చుక్కకూ వచ్చిన 224 అంకెలనూ నమిలి, ఒకే ఒక్క అంకె బయటకు పంపుతుంది. 1 అంటే మంచి పల్లీ, 2 అంటే పెంకు, 3 అంటే రాయి. సెకనుకు 14 కోట్ల బైట్లు కాస్తా 3 లక్షల 20 వేలకు దిగివస్తాయి. అంతమాత్రం డేటాను ఏ పాతకాలపు తీగైనా మోస్తుంది.

ఫిన్లాండ్‌లోని ఔలు నగరంలో 1995లో మొదలైన స్పెసిమ్ ఈ రకం కెమెరాలను పరిశ్రమలకు అలవాటు చేసిన వాటిల్లో ముఖ్యమైనది. 2020లో జపాన్ కంపెనీ కొనికా మినోల్టా దాన్ని కొనేసింది. ఆస్ట్రియాలో గ్రాజ్ దగ్గరున్న ఈవీకే అనే కంపెనీ, తీర్పు కూడా తనే చెప్పే కెమెరాను తెచ్చింది. పేరు హీలియోస్. గుంటూరు గ్రహణం నాటి పేరే మళ్లీ!

కెమెరాకు బడి

పెట్టెలోంచి తీసి బిగించగానే దీనికేమీ తెలియదు. పసిపిల్ల. మంచి పల్లీలు ఓ ట్రేలో పోసి చూపించాలి. పుచ్చులు వేరే, పెంకులు వేరే, రాళ్లు వేరే. ‘ఇది ఇదీ, అది అదీ’ అని ఒకరు కూర్చుని చెప్పాలి. కంప్యూటర్ వాటి వంపుల గీతలను పోల్చి, ఏ పట్టీల్లో తేడా నిలకడగా ఉందో పట్టుకుంటుంది. ఈ చదువంతా తీరిగ్గా, బెల్టు ఆపి జరుగుతుంది. వచ్చిన సూత్రాన్ని మాత్రమే కెమెరాలోకి ఎక్కిస్తారు. బెల్టు నడిచేటప్పుడు కెమెరా కొత్తగా ఆలోచించేదేమీ లేదు. ఎక్కం అప్పజెప్పినట్టు గుణకారాలూ కూడికలూ చేసుకుపోవడమే.

పోల్చడంలో ఒక కిటుకుంది. గింజ దీపానికి దగ్గరగా ఉంటే వెలుగు ఎక్కువ తిరిగొస్తుంది, పక్క గింజ నీడ పడితే తక్కువ. అంతమాత్రాన పల్లీ రాయి కాదు కదా! అందుకే చాలా సూత్రాలు గీత ఎత్తును పట్టించుకోవు, వంపుల్నే చూస్తాయి. పాడేవాళ్లు శ్రుతి పెంచినా తగ్గించినా మోహనరాగం మోహనే. వినేవాళ్లు స్వరాల మధ్య నడకను బట్టి పోల్చుకుంటారు. కెమెరాదీ అదే పద్ధతి.

కానీ తంబుర సరిగ్గా ఉండాలి. బెల్టు మీద వెలిగే హాలోజన్ దీపాలు వాడేకొద్దీ మసకబారతాయి. కెమెరా వేడెక్కితే అంకెలు పక్కకు జరుగుతాయి. ఎండుమిర్చి, పల్లీ, ధాన్యం... ఏ మిల్లులోనైనా ధూళికి కొదవ లేదు. అందుకని మధ్యమధ్య ఒక తెల్లటి పలకను చూపించి ‘ఇదీ తెలుపు’ అనీ, మూత మూసి ‘ఇదీ చీకటి’ అనీ గుర్తుచేయాలి. లక్షలు పోసి కొన్న యంత్రం, పలక మీది దుమ్ము తుడవని కారణంగా మంచి సరకును పారబోయడం వింతేమీ కాదు.

ఈ బడిలో చాలామంది మరిచిపోయే పాఠం ఒకటుంది. ‘తెలియదు’ అనడం నేర్పడం. పల్లీ, పెంకు, రాయి అని మూడే నేర్పారనుకోండి. బీడీ ముక్క వచ్చింది. మూడింటిలో ఏదో ఒకటి చెప్పి తీరాలి కాబట్టి, దేనికి కాస్త దగ్గరగా ఉంటే ఆ పేరు పెట్టేస్తుంది. ఏ గీతకూ సరిగ్గా కుదరనప్పుడు ‘ఇది నాకు తెలియదు’ అని పక్కన పడేసే ఏర్పాటు ఉండాలి. అలాగే, ఒక్క ఏడాది పంటతో చదువు చెప్పి ఊరుకుంటే మరుసటి ఏడు తంటా తప్పదు. తేమ మారుతుంది. నీరు వెలుగును మింగడంలో గజదొంగ. తడి గింజలో నీటి గుంట మిగతా వంపులన్నింటినీ కప్పేస్తుంది.

సీసా, నల్ల ట్రే

ఈ కెమెరాలు అందరికన్నా ముందు కుదురుకున్నది చెత్త దగ్గర. నార్వే కంపెనీ తొమ్రా వంటివి ఐరోపా అంతటా ప్లాస్టిక్ ఏరే యంత్రాలు పెట్టాయి. చెత్తలో ప్లాస్టిక్‌లు కలిసిపోతే ఏమవుతుందో చూస్తే వీటి అవసరం అర్థమవుతుంది. పెట్ బాటిళ్లను కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. మధ్యలో పీవీసీ ముక్క పడకూడదు. పెట్ కరిగేది 250 డిగ్రీలు దాటాక. ఆ వేడికి పీవీసీ విరిగిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లం కక్కుతుంది. అది పెట్ గొలుసులను కొరికేస్తుంది, సరకు పసుపెక్కి పెళుసుబారుతుంది. పదివేలకు ఒక పాలు కలిసినా చాలు. పోనీ నీళ్ల తొట్టిలో వేసి తేల్చుకుందామంటే రెండూ మునిగేవే. కంటికీ రెండూ గాజులా ఒకేలా కనిపిస్తాయి. పరారుణ వెలుగులో మాత్రం వాటి గీతలు పులికీ పిల్లికీ ఉన్నంత తేడాగా ఉంటాయి.

ఇంత తెలివైన కెమెరా ఒక్కచోట బోర్లాపడింది. నల్ల ప్లాస్టిక్! నలుపు కోసం కలిపే కార్బన్ మసి, వచ్చిన పరారుణ వెలుగునంతా మింగేస్తుంది. తిరిగొచ్చేదేం లేదు. గీత లేదు, వంపు లేదు. నల్ల ట్రే వెళ్తుంటే కెమెరాకి ఉత్త బెల్టు వెళ్తున్నట్టే ఉంటుంది. పరిష్కారాలు రెండున్నాయి. ఇంకా దూరపు పరారుణంలో, 3000 నానోమీటర్లు దాటాక చూసే కెమెరాలు ఒకటి. అవి నల్ల ప్లాస్టిక్‌ను పసిగడతాయి గానీ ధర చూస్తే గుండె జారుతుంది. రెండోది, అసలు నల్లగా చేయడం మానేయడం, లేదా మసి లేని నల్లరంగు వాడటం. 2018-2019 ప్రాంతాల్లో బ్రిటన్ సూపర్‌మార్కెట్లు నల్ల ట్రేలను వదిలించుకోవడం మొదలుపెట్టాయి. యంత్రం కంటికి ఆనదని వస్తువు రంగే మార్చుకున్నారు. ఇదీ ఓ రకంగా విడ్డూరమే.

బంగాళాదుంపలది ఇంకో కథ. కొన్ని దుంపల్లో ఒక కొసన చక్కెర చేరుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు కంటికి తేడా ఉండదు. నూనెలో వేశాక ఆ కొస నల్లబడుతుంది. చూపుకి బాగోకపోవడం ఒక్కటే కాదు. వేయించిన దుంపల్లో ఆక్రిలమైడ్ అనే హానికర పదార్థం ఏర్పడుతుందని 2002లో స్వీడన్ ఆహార శాఖ బయటపెట్టింది. చక్కెర ఎంత ఎక్కువుంటే అది అంత ఎక్కువ. ఇప్పుడు ఐరోపా చిప్స్ ఫ్యాక్టరీల్లో కొన్ని, ముక్కలు నూనెలో పడకముందే ఈ కెమెరాలతో చక్కెర కొసలను ఏరేస్తున్నాయి.

ఒక్క గింజ, ఒక బస్తా

అసలు పరీక్ష పల్లీ దగ్గరుంది. కోస్తాలో వేరుశనగ, తెలంగాణలో పల్లీ, సీమలో చెనిక్కాయ... ఏ పేరుతో పిలిచినా దానికి పట్టే బూజు ఒకటే. కాయ ఊరే సమయంలో వాన మొహం చాటేస్తే నేలలోనే పడుతుంది. తడిగా నిలవ చేస్తే గోదాములో పడుతుంది. అనంతపురం రైతుకు ఈ రెంటిలో మొదటిది కొత్త కాదు. ఆ బూజు విడిచే విషం పేరు అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్లు ఎందుకో తెలియకుండా చచ్చిపోయాయి. తీరా చూస్తే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క మేతలో ఉంది కారణం. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు జిల్లాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బు పడ్డారు. 106 మంది చనిపోయారు. దానిపై పరిశోధించి లోకానికి చెప్పింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు.

నేరుగా తినే పల్లీల్లో అఫ్లాటాక్సిన్‌లన్నీ కలిపి కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదని ఐరోపా హద్దు. అంటే వంద కోట్ల పాళ్లలో నాలుగు. అంత కొంచెం విషాన్ని బెల్టు మీద ఏ కెమెరా నేరుగా చూడలేదు. ‘అఫ్లాటాక్సిన్ పట్టే కెమెరా’ అని ఎవరైనా అమ్మజూపితే ఇక్కడ కాస్త ఆగి ప్రశ్నించాలి. కెమెరా చూసేది బూజు చేసిన పాడును. గింజలో నూనె, మాంసకృత్తులు చెడిన తీరును. అదీ పైనుంచి కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకే. పాడైన గింజలన్నింటిలో విషం ఉండదు. విషమున్న గింజలన్నీ పాడైనట్టు కనిపించవు. అయినా ఏరడం దండగ కాదు. ఎందుకంటే ఈ విషం బస్తా అంతా సమంగా పరుచుకోదు. ఎక్కడో కొన్ని గింజల్లో గుట్టలా పోగుపడి ఉంటుంది. ఒక్క గింజ చాలు, బస్తా మొత్తాన్ని హద్దు దాటించడానికి. అలాంటి వాటిల్లో ఎన్నింటిని తీసేస్తే అంత మేలు.

మరి ఎంత గట్టిగా ఏరాలి? యంత్రం పక్కన తెర మీద ఒక మీట ఉంటుంది. అటు జరిపితే అనుమానం ఎక్కువ, ఇటు జరిపితే తక్కువ. నూటికి 99 సార్లు సరైన తీర్పు చెప్పే కెమెరా ఉందనుకుందాం. గొప్పదే కదా! 10,000 గింజల్లో 100 చెడ్డవి. అది 99 చెడ్డ గింజల్ని పట్టేస్తుంది, ఒకటి తప్పించుకుంటుంది. మిగిలిన 9,900 మంచి గింజల్లోనూ నూటికి ఒకటి చొప్పున పొరబడుతుంది కాబట్టి 99 మంచివాటినీ బయటకు తోసేస్తుంది. పక్క డబ్బాలో చూస్తే సగానికి సగం మంచి పల్లీలే! యజమాని గుండె ఊరుకుంటుందా? మీట ఇటు జరపమంటాడు. కొన్నవాళ్ల ల్యాబులో సరకు తప్పిందని కంటైనరు వెనక్కొస్తే, అటు జరపమంటాడు. నిమిషానికి లక్షల తీర్పులు చెప్పే యంత్రానికి ఈ ఒక్క తీర్పు మాత్రం మనిషే చెప్పాలి. చాలాచోట్ల చేసే పనేమిటంటే, పక్క డబ్బాలోని సరకును ఇంకోసారి బెల్టు ఎక్కించడం.

రెండోసారీ ఏరాక మిగిలిన పోగు సంగతి చాలా తక్కువమంది మాట్లాడతారు. మొదట్లో బస్తాల నిండా చెదురుమదురుగా ఉన్న విషపు గింజలు ఇప్పుడు ఒకేచోట చేరాయి. కెమెరా విడదీసింది, మాయం చేయలేదు. తినడానికి పనికిరావని పక్కన పెట్టిన ఈ గింజలకీ ధర పలుకుతుంది. నూనె మిల్లుకు వెళ్తాయి. నూనెను శుద్ధి చేసేటప్పుడు వాడే క్షారంతో విషం చాలావరకు పోతుంది. గానుగ నూనెకు ఆ శుద్ధి లేదు. ఇక చెక్కలో ఉన్నది చెక్కలోనే ఉంటుంది. అది పాడి పశువుల మేతలోకి వెళ్తుంది. ఆవు గానీ గేదె గానీ ఆ చెక్క తింటే, విషంలో కొంత ఎం1 అనే మరో రూపం దాల్చి పాలల్లోకి దిగుతుంది. కాచినా పోదు. పాలల్లో ఎం1కు మన దేశంలో హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాము, ఐరోపాలో 0.05. దాన్ని పట్టడానికి డెయిరీ గేటు దగ్గర ఏ కెమెరా పనికిరాదు. క్యాను మూత తీసి, చుక్క పాలు తీసి, పరీక్ష పట్టీ మీద వేసి చూడాల్సిందే.